కత్తి లేని రొమ్ము క్యాన్సర్ వైద్యం: 2016 అంకెలు చెప్పిందేమిటి

2025 అక్టోబరులో అమెరికాలో మందులకు, వైద్య యంత్రాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒక ఇజ్రాయెల్ కంపెనీ యంత్రానికి అనుమతి ఇచ్చింది. పేరు ప్రోసెన్స్. రొమ్ములోని క్యాన్సర్ గడ్డను కోసి తీయకుండా, సూదితో లోపలే ఫ్రీజ్ చేసి చంపుతుంది. ఈ వార్త వాట్సాప్‌లో చేతులు మారి గుంటూరు చేరేసరికి 'ఆపరేషన్ లేకుండా రొమ్ము క్యాన్సర్ నయం' అయి కూర్చుంది. ఇటు కొత్తపేటలో, అటు విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్లకు ఫోను చూపించి అడిగే ప్రశ్న ఒకటే: మాకెందుకు చేయరు?

అనుమతితో వచ్చిన షరతులు మాత్రం ఫార్వర్డులో లేవు. వయసు 70 దాటాలి. గడ్డ 1.5 సెంటీమీటర్లకు మించకూడదు. రిస్కు తక్కువ రకం క్యాన్సర్ అయి ఉండాలి. ఆ తర్వాత హార్మోన్ మాత్రలు వాడాలి.

ఛాతీ కండరాలతో సహా రొమ్ము తీసేసిన అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ కాలం, గడ్డ మేరకు తీసి రేడియేషన్ ఇస్తే చాలని 1985లో సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం చూపించడం చాలాసార్లు చెప్పుకున్నవే. ఫ్రీజ్ చేస్తే చాలా, కోసి తీయాల్సిందేనా అన్న గొడవకు అసలు మూలం జెడ్1072 అనే ట్రయల్. దాని ఫలితాలు 2016లో అచ్చయ్యాయి.

ఇందులో ముందు గడ్డను ఫ్రీజ్ చేశారు. 28 రోజుల్లోపు మామూలు ఆపరేషన్ చేసి, అదే చోటు బయటికి తీసి మైక్రోస్కోపు కింద చూశారు. మొత్తం 87 గడ్డలు, అన్నీ 2 సెంటీమీటర్ల లోపువే. సూది గురిపెట్టిన చోటు వరకే చూస్తే 92 శాతం గడ్డల్లో క్యాన్సర్ మిగల్లేదు. సెంటీమీటరు లోపు గడ్డలైతే నూటికి నూరు శాతం పోయాయి. ఆ చుట్టుపక్కల కూడా కలిపి లెక్కేస్తే 92 కాస్తా 76కు పడిపోయింది. సూది చుట్టూ ఏర్పడిన మంచు ముద్దకు అవతల, ముందు తీసిన స్కానింగులకు చిక్కని క్యాన్సర్ ఉంది మరి. సూది తన పని తాను చాలావరకు చేసింది. ఎంతమేర చేయాలో దానికి చెప్పాల్సిన స్కానింగే తప్పింది.

చేసే పద్ధతి చూస్తే ఆశ పుట్టడం సహజమే. మత్తు ఆ చోటుకే ఇస్తారు. అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ లావుపాటి సూదిని గడ్డ మధ్యలోకి దించుతారు. లోపల లిక్విడ్ నైట్రోజన్ తిరుగుతుంటే సూది కొన చుట్టూ మంచు ముద్ద పెరగడం తెరపై కనిపిస్తుంది. చర్మం కమిలిపోకుండా చర్మానికీ మంచు ముద్దకూ మధ్య సెలైన్ ఎక్కిస్తారు. ఒకసారి ఫ్రీజ్ చేసి, కరగనిచ్చి, మళ్ళీ ఫ్రీజ్ చేస్తారు. అదే రోజు ఇంటికి పంపేస్తారు. కుట్లుండవు, ఆకారం పెద్దగా మారదు, పెద్ద వయసువాళ్ళకు జనరల్ అనస్థీషియా టెన్షన్ ఉండదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుల వాదన ఇదే. ఇందులో అబద్ధం లేదు.

సర్జన్ల అభ్యంతరం వేరే. కోసి తీసిన ముక్క అంచులకు ఇంకు పూసి ల్యాబులో చూస్తారు. క్యాన్సర్ ఇంకును తాకితే మళ్ళీ లోపలికి వెళ్తారు. ఫ్రీజ్ చేస్తే ఆ ముక్క చేతికే రాదు. ముందు చేసిన ముక్క పరీక్ష (బయాప్సీ), తర్వాత తీసే స్కానింగులే దిక్కు. జెడ్1072లో మోసం చేసింది ఆ స్కానింగే కదా!

ఆపరేషన్ పూర్తిగా మానేసి ప్రోసెన్స్‌తోనే చేసిన ఐస్3 ట్రయల్ షరతులు అంత కఠినంగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. అందులో 194 మంది మహిళలు. 60 దాటినవాళ్ళు, గడ్డ 1.5 సెంటీమీటర్ల లోపు, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ మాత్రలకు లొంగే రకం), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకం). అయిదేళ్ళలో అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టింది 4.3 శాతం మందికే. మంచి ఫలితమే. కాకపోతే పక్కన పోల్చి చూడటానికి ఆపరేషన్ చేయించుకున్న జట్టు లేదు. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ సలహా కమిటీ అనుకూలంగా 9, వ్యతిరేకంగా 5గా చీలిపోయింది. చివరికి వయసు పరిమితిని ట్రయల్లో ఉన్న 60 నుంచి 70కి పెంచి అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత కూడా రోగులను గమనిస్తూ మరో అధ్యయనం చేయాలని కంపెనీకి షరతు పెట్టారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1.5 సెంటీమీటర్ల లోపు గడ్డ చాలాసార్లు చేతికి తెలియదు. అమెరికాలో అలాంటివి ఎక్కువగా మామోగ్రామ్‌లో బయటపడతాయి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికో, రెండేళ్ళకో వెళ్ళి తీయించుకోవడం అక్కడ అలవాటు. మన దగ్గర గడ్డ స్నానం చేస్తున్నప్పుడు తగలాలి, 'నొప్పి లేదుగా' అని కొన్నాళ్ళు గడవాలి, మిరపకోతలు అయిపోవాలి, అప్పుడు ఆస్పత్రి. పైగా మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్ళు ముందే వస్తోంది. మూడు సెంటీమీటర్ల గడ్డతో వచ్చిన నలభై అయిదేళ్ళ ఆమె ఈ ట్రయల్ గుమ్మం కూడా తొక్కలేదు.

అలాంటి ఆమెకు పనికొచ్చేది ఫిషర్ చూపిన దారే. అవసరమైతే ముందు కీమో, తర్వాత గడ్డ మేరకు ఆపరేషన్, ఆపైన రేడియేషన్. నలభై ఏళ్ళ నాటి ఆ దారిలోనే ఇక్కడ చాలామంది నడవలేకపోతున్నారు. కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికి వారాల తరబడి మాచర్ల నుంచో వినుకొండ నుంచో గుంటూరు తిరగలేక, 'మొత్తం తీసేయండి డాక్టరుగారూ' అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ వరకు గుంటూరు ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ప్రోసెన్స్ కన్నా పెద్ద వార్త. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు.