44/18 కత: ఒకే గేరు సైకిలుకు పండ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

కడపలో ఈ మధ్య సన్న టైర్ల సింగిల్ స్పీడ్ సైకిళ్లు బాగా కనిపిస్తా ఉన్నాయి, కాలేజీ పిల్లోళ్లు కొంటున్నారు, పొద్దున్నే రిమ్స్ రోడ్డు పక్క తొక్కే ఉద్యోగస్తులు కూడా కొంటున్నారు. కొనేటప్పుడు అందరూ అడిగేది ఫ్రేము బరువెంత, రంగులేమున్నాయి అని. ముందు చెయిన్ వీల్‌కు ఎన్ని పండ్లు, వెనక ఎన్ని అని అడిగేవాళ్లు తక్కువ. గేర్ల బండిలో గేరు బరువైతే మార్చుకుంటాం, ఇందులో కొన్న రోజు ఏది ఉంటే ప్రొద్దుటూరు పోయినా అదే, గువ్వలచెరువు ఘాట్ ఎక్కినా అదే. ఈ కొత్త బండ్లు ఎక్కువగా 44/16 (ముందు 44 పండ్లు, వెనక 16) లేదా 46/16తో వస్తాయి. మన నల్ల సైకిలు, పాల క్యాన్లు తగిలించుకొని పోయేది, చాలావరకు 44/18. రెండు పండ్ల తేడానే కదా అనిపిస్తుంది గానీ మోకాలికి అది చిన్న తేడా కాదు, ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాల.

1870ల్లో ఇంగ్లండులో తొక్కిన ఎత్తు సైకిలుకు చెయినే లేదు. పెడల్స్ ముందు చక్రానికే, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంతే. స్పీడు కావాలంటే చక్రం పెద్దది కావాల, అందుకే 50 ఇంచులు, 60 ఇంచుల దాకా పోయినారు, ఆపైన కాలు అందదు. అంటే అప్పట్లో గేరు ఎంత అనేది మనిషి కాలి పొడుగును బట్టి తేలిపోయేది, పొట్టిగా ఉన్నోనికి ఎంత బలమున్నా పెద్ద చక్రం దక్కేది కాదు.

1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టర్‌లో బుష్ రోలర్ చెయిన్ కనిపెట్టినాడు, 1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీలో రోవర్ సైకిలు తెచ్చినాడు, పెడల్స్ మధ్యలో, చెయిన్ వెనక చక్రానికి, రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు. ఇప్పుడు మనం తొక్కేదాని రూపం అప్పటిదే. ముందు పండ్లు ఎక్కువ, వెనక తక్కువ పెడితే చిన్న చక్రమే పెద్ద చక్రం మాదిరి పనిచేస్తుంది. దాన్ని కొలవడానికి జనం పాత అలవాటే వాడుకున్నారు, ఈ బండి ఎన్ని ఇంచుల ఎత్తు సైకిలుకు సమానం అని. లెక్క సులభం, చక్రం సైజును ముందు పండ్లతో గుణించి వెనక పండ్లతో భాగించాల. నల్ల సైకిలుకు 28 ఇంటు 44 బై 18, అంటే 68 ఇంచులు. అంత పెద్ద చక్రం నేరుగా తొక్కే కాళ్లు ఎవరికీ లేవు, చెయిన్ వల్ల ఐదడుగుల మనిషి కూడా తొక్కుతున్నాడు. పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది, నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్ల కాడికి వస్తుంది. మన రోడ్డు మీద మామూలుగా పొయ్యే స్పీడు సరిగ్గా అదే.

1890ల చివరి దాకా దాదాపు అన్నీ ఫిక్స్‌డ్‌వే, చక్రం తిరిగితే పెడల్ తిరగాల్సిందే, దిగుడులో కాళ్లు ఎత్తి పెట్టుకోడానికి ముందు ఫోర్కుకు చిన్న కడ్డీలు పెట్టేవాళ్లు. తర్వాత తొక్కడం ఆపినా చక్రం తిరిగే ఫ్రీవీల్ వచ్చింది, 1902లో స్టర్మీ ఆర్చర్ అనే మూడు గేర్ల హబ్, అంటే చక్రం నడిమి గుండులోనే గేర్లు ఉండేది, వచ్చింది. అయినా ఒకే గేరు పోలేదు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్‌లో పేరున్న రేసర్లకు డీరైల్యూర్ గేర్లు (చెయిన్‌ను ఒక పండ్ల చక్రం మీది నుంచి ఇంకోదానికి జరిపేవి) వాడే అనుమతి 1937లో గానీ రాలేదు. 1910 నుంచి పిరనీస్ కొండలు ఎక్కుతా ఉన్నారు, ఎట్ల ఎక్కినారంటే వెనక హబ్‌కు రెండు పక్కలా పండ్ల చక్రాలు బిగించుకొని, కొండ కిందికి రాంగానే దిగి రెక్కల నట్లు విప్పి చక్రం తిప్పి పెట్టుకొని, పైకి పోయినాక మళ్లా దిగి మళ్లా తిప్పుకొని. ఇప్పుడు ఫ్లిప్ ఫ్లాప్ హబ్ అని అమ్మేది అదే పద్ధతి. అంత బలమున్న రేసర్లే కొండకు ఒకటి, చదునుకు ఒకటి పెట్టుకున్నారనేది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మాట.

ఇక మన దేశం సంగతి. ఇంగ్లండు నుంచి దిగుమతైన ర్యాలీ, బీఎస్ఏ, హంబర్ బండ్లు 28 ఇంచుల చక్రం, రాడ్ బ్రేకులు ఉండే రోడ్‌స్టర్లు. 1949లో మద్రాసు పక్క అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టి హెర్క్యులెస్ చేసినారు, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. అందరూ ఆ రోడ్‌స్టర్ అచ్చునే పట్టుకున్నారు, మూడు గేర్ల హబ్ మాత్రం మామూలు మనిషి బండికి రాలేదు. దానికి కారణాలు వెతకాల్సిన పనిలేదు. ఆ సైకిలు మీద మనిషి ఒక్కడే పోడు, పాల క్యాన్లు, ఎరువు బస్తా, కట్టెల మోపు, వెనక డబుల్స్ ఇంకొకరు, కంకర రోడ్డు, పల్లెలో రిపేరు చేసేవానికాడ పానా, సుత్తి, గ్రీజు. అద్దె సైకిలు షాపులో ఒకే బండిని పొద్దున పదేళ్ల పిల్లోడు అడ్డకాలు వేసి తొక్కుతాడు, మధ్యాన్నం అరవై కిలోల మనిషి తొక్కుతాడు. ఇందరికి, ఇంత బరువుకు సరిపోయే గేరు 68 ఇంచుల చుట్టుపక్కలే. అది పాతకాలపు బరువు బండి గేరు అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధనిపిస్తుంది, మన రోడ్ల మీద అన్ని ఏళ్లు పరీక్షకు నిలబడిన లెక్క అది.

కొత్త సింగిల్ స్పీడ్ వచ్చిన దారి వేరే. దాని మూలం వెలోడ్రోమ్, చెక్క ట్రాకు మీద గుండ్రంగా తిరిగే ఫిక్స్‌డ్ బండి. 1972లో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు పోయినప్పుడు ఆయన గేరు 52/14, అంటే సుమారు 100 ఇంచులు. ఆడ మిట్ట లేదు, స్పీడు బ్రేకర్ లేదు, గేదె అడ్డం రాదు. ఆ ట్రాకు బండ్లను న్యూయార్క్‌లో పార్సిల్ చేరవేసే మెసెంజర్లు వీధుల్లోకి తెచ్చినారు, 2000ల్లో అది ఫ్యాషనై ప్రపంచమంతా పాకింది, కంపెనీలు ఆ రూపంతో పాటు కాస్త పెద్ద గేరు కూడా అట్లే ఉంచినాయి. ఈ కొత్త బండ్లకుండే 700సీ సైజు చక్రాన్ని సుమారు 27 ఇంచులనుకుంటే 46/16 అంటే 77 పైచిలుకు, 44/16 అంటే 74. ఇంగ్లండులో మీడియం గేర్ అని టైమ్ ట్రయల్ రేసులు (ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడేవి) పెడతారు, దాంట్లో హద్దే 72 ఇంచులు. రేసర్లకు పెట్టిన హద్దు కంటే పెద్ద గేరు మన షాపులో కొత్తగా నేర్చుకునే పిల్లోని చేతికి ఇస్తున్నారు.

కడప నుంచి మైదుకూరు పక్కకు, ప్రొద్దుటూరు పక్కకు రోడ్డు పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా పోతుంది, ఆడ 74 కూడా నడుస్తుంది, ఎదురుగాలి లేకుంటే. రాయచోటి పక్కకు తిరిగితే పాలకొండలు అడ్డం, గువ్వలచెరువు ఘాట్. ఆడ గంటకు 10 కిలోమీటర్లతో ఎక్కాలంటే 74 ఇంచుల మీద నిమిషానికి 28 చుట్లు, అది తొక్కడం కాదు, ప్రతి చుట్టుకూ మోకాలి మీద మనిషి బరువంతా నిలబెట్టడం. వెనక 18 పండ్లది వేసి 66 ఇంచులు చేసుకున్నా 32 చుట్లే. అందుకే ఘాట్ కోసమని గేరు ఎంచుకోవద్దంటాను, ఎక్కినంత ఎక్కి దిగి నెట్టుకుంటూ పోవాల, పెద్దోళ్లు అట్లే చేసినారు, అందులో నామోషీ ఏం లేదు. వారంలో ఎక్కువ రోజులు తొక్కే రోడ్డుకు గేరు పెట్టుకోవాల. అనంతపురం వాళ్లకు మిట్ట కంటే ఆషాఢం గాలి పెద్ద కొండ, రామగిరి మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, వాళ్లు ఇంకో రెండు మూడు ఇంచులు తగ్గించుకున్నా తప్పులేదు.

ఫిక్స్‌డ్ పెట్టుకునేవాళ్లకు దిగుడు వేరే గండం. 66 ఇంచుల మీద ఘాట్ దిగుతా 40 స్పీడు పోతే కాళ్లు నిమిషానికి 126 చుట్లు తిరగాల, ఆపడానికి లేదు. ముందు బ్రేకు లేకుండా ఫిక్స్‌డ్ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ ప్రాణంతో ఆడుతున్నారు, గువ్వలచెరువు మలుపుల్లో లారీలు ఎట్ల వస్తాయో కడపోళ్లకు చెప్పాల్నా. స్కిడ్ కొట్టి, అంటే పెడల్స్ బిగబట్టి వెనక చక్రాన్ని జారించి, ఆపుతామనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాల, 48/16 అంటే సరిగ్గా మూడింతలు కాబట్టి ఒకే కాలు ముందుంచి స్కిడ్ కొడితే టైరు ప్రతిసారీ ఒకేచోట అరుగుతుంది. 44/18లో అయితే అరుగుదల తొమ్మిది చోట్లకు పంచుకుంటుంది.

సింగిల్ స్పీడ్ కొని బరువనిపిస్తే బండి మార్చాల్సిన పనిలేదు. వెనక 16 తీసి 18 ఫ్రీవీల్ వేయిస్తే 44తో 66 ఇంచులొస్తుంది, 42 చెయిన్ వీల్ దొరికితే 63. పాత ఫ్రీవీల్ విప్పడమే కష్టం, తొక్కేకొద్దీ మర బిగుసుకుపోయి ఉంటుంది, సరైన రిమూవర్ ఉన్న మెకానిక్‌తోనే విప్పించాల, సుత్తితో కొడితే హబ్ పోతుంది. రెండు పండ్లు పెరిగితే ఇరుసు ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, ఫ్రేము గాడిలో అంత జాగా ఉంటే పాత చెయినే సరిపోతుంది, లేకుంటే ఒక జత లింకులు కలపాల. చెయిన్ బాగా అరిగి ఉంటే మాత్రం కొత్త ఫ్రీవీల్ మీద పాతది వేయద్దు, చెయిన్ కూడా కొత్తదే వేయించుకోండి.