చదరంగం బల్లను మడిస్తే

పోయిన కోతలప్పుడు కోవూరు దగ్గర ఒక కళ్లంలో గుప్పెడు వడ్లు తీసుకుని వంద గింజలు లెక్కపెట్టాను. బంగారం తూచే కాటాలో వేస్తే 2 గ్రాములు తూగాయి. అంటే మన నెల్లూరు పుట్టిలో, 850 కిలోల్లో, సుమారు 4 కోట్ల 25 లక్షల గింజలు. ఇదంతా చదరంగం కథ కోసం. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గడులూ రెట్టింపు చేస్తూ నింపమని రాజును అడిగిన పండితుడి కథ.

25 గడుల దాకా పుట్టి వడ్లు చాలు. 26వ గడికి చాలవు. 32 గడులు, సగం బల్ల, నిండేసరికి 4,29,49,67,295 గింజలు, దాదాపు 101 పుట్లు. ఎకరాకు మూడు పుట్ల చొప్పున ముప్పై నాలుగెకరాల పంట. ఇంతవరకు ఒక పెద్ద రైతు ఇచ్చుకోగలడు. బల్లంతా నిండాలంటే మాత్రం

18446744073709551615

గింజలు కావాలి. ప్రపంచమంతా ఏటా పండే 80 కోట్ల టన్నుల వడ్లు తెచ్చి పోసినా 460 ఏళ్లు పడుతుంది.

మనవాళ్లు ఈ సంఖ్యను పద్యంలోనే దాచుకున్నారు. గణితాన్ని తెలుగు పద్యాల్లో రాసిన పావులూరి మల్లనదిగా చెప్పే ఆ పద్యం ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది. మన్మథుడి శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1. కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే చివరి నాలుగంకెలు 1615 వచ్చేస్తాయి.

కథ చెప్పేవాళ్లు ‘అబ్బో, ఎంత పెద్దదో’ అని ఆపేస్తారు. నాకు అసలు ముచ్చట ఆ తర్వాతే. బల్లను సగానికి మడవండి. రెండో సగంలో ప్రతి గడీ మొదటి సగంలోని తన జోడీకి 2³² రెట్లు. కాబట్టి మొత్తం గింజలు మొదటి సగానికి 2³² + 1 రెట్లు, అంటే 4294967295 × 4294967297. అందులో మొదటిదాన్ని మళ్లీ మడిస్తే 65535 × 65537. 65535ను మడిస్తే 255 × 257. 255 అంటే 15 × 17, 15 అంటే 3 × 5. మడత మడతకూ ఒక ప్రధాన సంఖ్య బయటపడుతోంది: 65537, 257, 17, 5, 3.

మిగిలింది మొదటి మడతలో వచ్చిన 4294967297, అంటే 2³² + 1. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఇలా మడతల్లో బయటపడేవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. ఇంత పెద్ద సంఖ్యకు అంత చిన్న భాజకం!

భాగహారం చేయకుండానే సరిచూసుకోవచ్చు. 641 అంటే 5 × 128 + 1. కాబట్టి 641తో భాగిస్తే 5 × 2⁷కు శేషం −1, అంటే 641కి ఒకటి తక్కువ. దాని నాలుగో ఘాతం 625 × 2²⁸కు శేషం 1. కానీ 641 అంటే 625 + 16 కూడా. అందుకే 625 ఉన్నచోట −16, అంటే −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³²కు శేషం 1. అంటే 2³² + 1కు శేషం సున్నా. భాగిస్తే వచ్చేది 6700417. అదీ ప్రధాన సంఖ్యే, ఇక మడత పడదు.