పచ్చబడిన అరచేతులు

మా పర్లాకిమిడిలో ఎవరి చేతులు పచ్చబడినా పక్కింటివాళ్లు ముందు పసరు మందు పోసే ఊరి పేరు చెబుతారు. మొన్న మా వీధిలో ఒకావిడ ఏడాది నిండని మనవడిని చంకనేసుకొచ్చి, "కామెర్లేనేటండి మాస్టారూ?" అంది. అరచేతులు, అరికాళ్లు, ముక్కు పక్క మడతలు పసుపు రాసినట్టున్నాయి. కింది రెప్ప లాగి చూశాను. తెల్లగుడ్డు పాలలా ఉంది. కామెర్లైతే అదీ పచ్చబడాలి. అయినా రక్తపరీక్ష చేయించమన్నాను. కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, బిలిరుబిన్, మామూలుగానే వచ్చింది. వాడు రోజూ తినేది గుమ్మడి గుజ్జు, బొప్పాయి. వేరేది పెడితే ఉమ్మేస్తాడట.

అది గుమ్మడిలో, బొప్పాయిలో ఉండే బీటా కెరోటిన్ రంగు.

ఆ అణువును వేరుశనగ కాయ అనుకోండి. రెండు గింజలు, నడుమ నొక్కు. పేగు గోడలోని ఒక ఎంజైమ్ సరిగ్గా ఆ నొక్కు దగ్గరే విరుస్తుంది. 40 కార్బన్ల కాయ విరిగితే 20 కార్బన్ల రెటినాల్డిహైడ్ గింజలు రెండు. అది విటమిన్ ఎ రూపమే. మసక వెలుతురులో చూపునిచ్చే రొడాప్సిన్‌కు ఆ గింజే కావాలి. అది కరువైతే రేచీకటి. దీని చుట్టమైన ఆల్ఫా కెరోటిన్ కాయలో ఒక్కటే మంచి గింజ, రెండోది పొల్లు. ఆకుకూరల్లోని ల్యూటిన్‌కి, విటమిన్ ఎ లెక్కన, రెండూ పొల్లే. కానీ అది కంటి వెనక తెర, రెటినా, నడుమనున్న పచ్చమచ్చలో చేరి నీలి వెలుగును వడగడుతుంది!

తమాషా ఏమిటంటే, ఒంట్లో విటమిన్ ఎ సరిపడా ఉంటే, దాన్నుంచే పుట్టే రెటినోయిక్ ఆమ్లం ఆ ఎంజైమ్ తయారీని తగ్గించేస్తుంది. అందుకే గుమ్మడి ఎంత తిన్నా విటమిన్ ఎ విషమై కూర్చోదు. విరగని కాయలు రక్తంలో తిరిగి చర్మంలో చేరతాయి. పైపొర మందంగా ఉండే అరచేతుల్లో రంగు బాగా తేలుతుంది.

కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వు కావాలి. ఒడియావాళ్లు గుమ్మడి ముక్కలేసిన దాల్మా అనే పప్పుకు నేతి పోపు పెడతారే, ఆ నెయ్యి రుచికి మాత్రమే కాదు.

గుమ్మడి రోజు విడిచి రోజు పెట్టమన్నాను, రంగు పోవడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పాను. "అంత మంచిదైతే నాకు మాత్రలు రాయించండి" అంది ఆవిడ. ఆవిడకు అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. మాత్రలొద్దు, మనవడు మిగిల్చిన గుమ్మడే తినమన్నాను.