పది సెకన్ల శాంపిల్, ముప్పై ఏళ్ల చిక్కు

అమెరికన్ ర్యాప్ బృందం డి లా సోల్ తొలి ఆల్బమ్ 1989లో వచ్చింది. ర్యాప్ చరిత్ర ఎవరు రాసినా దాన్ని దాటి పోలేరు. అలాంటి ఆల్బమ్ స్ట్రీమింగ్ యాప్‌లలోకి వచ్చింది మాత్రం 2023 మార్చి 3న. బృందంలోని ముగ్గురిలో ఒకరైన డేవిడ్ జొలికోర్ అంతకు దాదాపు మూడు వారాల ముందే, ఫిబ్రవరి 12న కన్నుమూశారు. పాటలు యాప్‌లలోకి వచ్చిన ఆ రోజును ఆయన చూడలేకపోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

చిక్కంతా శాంపిల్స్‌తో, అంటే పాత రికార్డుల నుంచి కోసి కొత్త పాటలో వాడే శబ్దపు ముక్కలతో వచ్చింది. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంపిల్ యంత్రంలో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పట్టేది. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్‌పీ రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి రికార్డు చేసుకుని, తర్వాత యంత్రంలో వేగం తగ్గించేవారు. అలా చేస్తే పది సెకన్ల చోటులో దాదాపు పదమూడున్నర సెకన్ల సంగీతం ఇమిడేది. శబ్దం కాస్త గరుకుగా మారేది, ఆ గరుకే చాలామందికి నచ్చింది. డి లా సోల్, వారి నిర్మాత ప్రిన్స్ పాల్ ఇలాంటి ముక్కలు పదుల కొద్దీ పేర్చి ఆల్బమ్ కట్టారు.

ప్రతి ముక్క వెనకా రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యాలది పబ్లిషింగ్ హక్కు. రికార్డయిన శబ్దానిది మాస్టర్ హక్కు. రెండు చోట్లా అనుమతి కావాలి. డి లా సోల్ ఆల్బమ్‌లో కొన్నిటికి అనుమతి తీసుకున్నారు, కొన్నిటికి లేదు. పాటల మధ్య వచ్చే చిన్న ముక్కలో తమ రికార్డు వాడారని ద టర్టిల్స్ బృందం వారు దావా వేశారు. అది కోర్టు బయటే తేలింది.

అసలు దెబ్బ 1991 డిసెంబరులో పడింది. గాయకుడు గిల్బర్ట్ ఓ సలివన్ పాటను అనుమతి లేకుండా వాడిన ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కెవిన్ డఫీ తన తీర్పును బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టారు: “దొంగిలకూడదు”. మార్కీ ఆల్బమ్ అమ్మకాలు ఆగిపోయాయి. అక్కడినుంచి లేబుళ్లు, అంటే రికార్డు కంపెనీలు, ప్రతి శాంపిల్‌కూ అనుమతి కాగితం అడగసాగాయి. ఇద్దరు హక్కుదారులు పబ్లిషింగ్‌లో చెరి సగం అడిగితే, ర్యాపర్‌కు అందులో మిగిలేది సున్నా. అందుకే పాటకు ఒకటి రెండు శాంపిల్స్‌తో సరిపెట్టుకోవడం మొదలైంది. ర్యాప్ నిర్మాత డాక్టర్ డ్రే లాంటివారు పాత బాణీని వాద్యకారులతో మళ్లీ వాయించారు. అలా చేస్తే మాస్టర్ హక్కుతో పని ఉండదు, పబ్లిషింగ్ అనుమతి ఒక్కటి చాలు.

అయితే డ్రే లేబుల్ ఆఫ్టర్‌మాత్ కూడా అనుమతి లేని శాంపిల్‌తో ఇరుక్కుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని హిట్ పాటలో లతా మంగేష్కర్ గొంతు వినబడింది. ఆ బాణీ బప్పీ లహిరిది. మన ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సంగీత దర్శకుడే. ఆయన పేరు వేయకుండా సీడీలు అమ్మకూడదని లాస్ ఏంజెలిస్ కోర్టు ఆదేశించింది.

డి లా సోల్ విషయంలో కాగితం ఉన్నచోట కూడా తంటానే. నాటి ఒప్పందాలు ఎల్‌పీలు, క్యాసెట్ల కాలంలో రాసుకున్నవి. డిజిటల్ అమ్మకాలకు అవి సరిపోలేదు. హక్కులు వారి లేబుల్ టామీ బాయ్ నుంచి వార్నర్ సంస్థకు వెళ్లి, మళ్లీ టామీ బాయ్‌కే వచ్చాయి. విసిగిపోయిన బృందం 2014లో తమ పాటల్ని 25 గంటలపాటు అభిమానులకు ఉచితంగా పంచింది. 2019లో స్ట్రీమింగ్‌కు సిద్ధమైనా, ఆదాయంలో తమకు దక్కేది పది శాతమేనని బృందం బహిరంగంగా అభ్యంతరం చెప్పడంతో అదీ ఆగింది. వారి కోపం న్యాయమైనదే. 2021లో రిజర్వాయర్ మీడియా అనే సంగీత సంస్థ దాదాపు పది కోట్ల డాలర్లకు టామీ బాయ్‌ను కొన్నాక, బృందంతో కూర్చుని శాంపిల్స్ అనుమతులన్నీ మళ్లీ మొదటినుంచి తేల్చుకుంటూ వచ్చింది. తేలని కొన్నిచోట్ల ముక్కల్ని మళ్లీ వాయించి పెట్టారు. పాత ఎల్‌పీ బాగా విన్నవారు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.