సీసీ కెమెరా ఆగి ఆగి వస్తోందా? ముందు కెమెరాని తిట్టకండి

శ్రీకాకుళంలో సీసీ కెమెరాలు బిగించే పని నాది. కొత్త కెమెరాలు పెట్టమని వచ్చే ఫోన్ల కంటే "వీడియో ఆగిపోతోంది, గుండ్రంగా తిరుగుతూనే ఉంది" అని వచ్చే ఫోన్లే ఎక్కువ. అందులో చాలా వరకు గల్ఫ్ నుంచే. ఉద్దానం ఊళ్లలో అమ్మానాన్నల్ని వదిలి వెళ్లిన కుర్రాళ్లు డ్యూటీ దిగాక ఇంటి అరుగు చూసుకుందామని ఫోన్ తీస్తే, అక్కడ అమ్మ చీపురు పట్టుకుని ఊడుస్తూ ఊడుస్తూ అలాగే బొమ్మలా నిలబడిపోయి ఉంటుంది. వీడికి టెన్షన్. "అన్నా, కెమెరా మార్చేయ్, డబ్బులు కొట్టేస్తా."

మార్చక్కర్లేదు తమ్ముడూ. ముందు ఇంట్లో ఎవరినైనా డీవీఆర్‌కి (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) తగిలించిన టీవీలో చూడమను. అక్కడ సాఫీగా కదులుతూ ఫోన్లో మాత్రమే ఆగితే తప్పు నెట్‌ది. టీవీలో కూడా ఆగితే వైరుదో, కరెంటుదో, వైఫైదో. ఈ ఒక్కటి చూడకుండా వేలకు వేలు తగలేసిన ఇళ్లు నాకు తెలుసు.

అపోహ: మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్, నెట్ సమస్యే కాదు.

ఆ 100 చాలాసార్లు డౌన్‌లోడ్ లెక్క. అంటే మీరు సినిమా చూడటానికి పనికొచ్చేది. కెమెరా చేసే పని దానికి తిరగబడి ఉంటుంది, ఇంట్లోంచి బయటికి పంపాలి, దానికి కావలసింది అప్‌లోడ్. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి)లో పూర్తి క్వాలిటీతో పంపితే సుమారు 4 ఎంబీపీఎస్ అడుగుతుంది, నాలుగు కెమెరాలు ఒకేసారి తెరిస్తే 16. ఊళ్లో మీ లైనుకి అప్‌లోడ్ 5 దగ్గర ఆగితే మరి ఎక్కడి నుంచి వస్తుంది? స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు రెండో అంకె చూడండి, అందరూ మొదటిది చూసి ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు.

దీనికి మందు యాప్‌లోనే ఉంది. వీడియో కింద హెచ్‌డీ, ఎస్‌డీ అని ఉంటుంది చూడండి, దూరం నుంచి చూసేటప్పుడు ఎస్‌డీ పెట్టుకోండి. మా భాషలో సబ్ స్ట్రీమ్ అంటాం. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది కానీ అమ్మ కదులుతుంది. డీవీఆర్‌లో రికార్డింగ్ మాత్రం పూర్తి క్వాలిటీతోనే నడుస్తూ ఉంటుంది, ఫోన్లో ఆగినంత మాత్రాన అక్కడ ఆగిపోయినట్టు కాదు. ఇంకో మాట, రెండు మూడు సెకన్లు ఆలస్యంగా రావడం జబ్బు కాదు. అంత దూరం, మధ్యలో కంపెనీ సర్వర్ మీదుగా తిరిగి వస్తున్నప్పుడు ఆ మాత్రం ఉంటుంది.

5 మెగాపిక్సెల్ పెడితే ఆగదనుకునేవాళ్లూ ఉన్నారు. పిక్సెళ్లు పెరిగితే మోయాల్సిన బరువు పెరుగుతుంది, ఇంకా ఎక్కువ ఆగుతుంది, అంతే.

అపోహ: సిమ్ కెమెరా పెట్టేస్తే ఏ గొడవా ఉండదు.

జీడితోటలో, చెరువు గట్టున పెట్టడానికి మంచిదే. కానీ 1 ఎంబీపీఎస్ దగ్గర లైవ్ చూస్తే గంటకు 450 ఎంబీ పోతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వేస్తే మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఖాళీ, ఆ తర్వాత స్పీడ్ పడిపోయి గుండ్రంగా తిరుగుడే.

అపోహ: పగలు బాగుండి రాత్రి ఆగుతోందంటే కెమెరా ముసలిదైపోయింది.

ఇదొక్కటి జాగ్రత్తగా చదవండి. చీకటి పడగానే కెమెరాలో ఐఆర్ లైట్లు (చీకట్లో కెమెరాకి కనబడటానికి వాడేవి) వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. అడాప్టర్ దగ్గర 12 వోల్టులు ఉన్నా, సన్న వైరులో ముప్పై నలభై మీటర్లు వెళ్లేసరికి తగ్గిపోతుంది. ఒకసారి కాశీబుగ్గ వైపు ఓ ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కెమెరా దగ్గర వైరుకి మీటర్ పెడితే 9 వోల్టుల చిల్లర చూపించింది. అంతకుముందు వచ్చినవాళ్లెవరో రెండుసార్లు కెమెరా మార్చేశారు, మీటర్ మాత్రం ఎవరూ పెట్టలేదు! మంచి రాగి వైరు లాగి, అడాప్టర్ దగ్గరికి జరిపితే సరిపోయింది. నెట్‌వర్క్ వైరులోనూ ఇదే కథ, పూర్తి రాగి అని చెప్పి అల్యూమినియం మీద రాగి పూత పూసింది అమ్ముతారు. చవగ్గా వస్తోందంటే అనుమానించండి. ఆ వైరుకి 100 మీటర్లు హద్దు అన్నది కూడా గుర్తుంచుకోండి.

కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకో తంటా, ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పెట్టి టేపు చుట్టాల్సిందే.

వైఫై కెమెరాల వాళ్లకి ఒక మాట. రౌటర్ హాల్లో, కెమెరా కొబ్బరితోట అవతల గేటుకి. మధ్యలో గోడలు, తడి ఆకులు, అన్నీ సిగ్నల్ మింగేవే. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్పీడే గానీ గోడలు దాటడం కష్టం, చవక కెమెరాలు చాలా వరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. చవక రిపీటర్ (వైఫైని అందుకుని ముందుకి పంపేది) పెడితే సిగ్నల్ గీతలు పెరుగుతాయి, స్పీడ్ సగానికి పడుతుంది. కుదిరితే ఆ ఒక్క కెమెరాకైనా వైరు లాగించండి.

మొన్న ఒకాయన ఖతార్ నుంచి వారం రోజులు వాయించేశాడు, రాత్రి పదయ్యేసరికి కెమెరాలన్నీ పోతున్నాయని. సోంపేట దాకా వెళ్లాను. వైర్లు బాగున్నాయి, వోల్టేజ్ బాగుంది, అప్‌లోడ్ కూడా బాగుంది. కాసేపు కూర్చుంటే వాళ్లమ్మ వచ్చి, గోడకున్న రౌటర్ స్విచ్ టక్కుమని కట్టేసింది.

"అందరం పడుకుంటాం గదా బాబూ, దానికి రాత్రంతా కరెంటు దండగ కాదా?"