మ్యాక్, లినక్స్‌లలో ఫ్లైట్ సిమ్: అపోహలు - వాస్తవాలు

విశాఖ డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ల పని చేస్తుంటాను. విండోస్ లేని మెషీన్లలో ఫ్లైట్ సిమ్యులేటర్లు పెట్టివ్వడం కూడా అందులో భాగమే. నేవీ విమానాలు, ప్రయాణికుల విమానాలు ఒకే రన్‌వే మీద దిగే ఊరు మనది, విమానాల పిచ్చోళ్లకు కొదవేముంది? ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 లోపలికి ఎక్కి చూసొచ్చిన పిల్లాడు ఇంటికెళ్లి నాన్న మ్యాక్‌బుక్ తెరుస్తాడు. ఆ తర్వాత ఫోన్ నాకొస్తుంది: "ఏటి గురూ, దీంట్లో విమానం గేములు ఆడవంట కదా?"

ఆడతాయి. ఏది ఏ మెషీన్‌లో, ఏ యాడ్-ఆన్‌తో (సిమ్‌కు విడిగా కలుపుకునేది), ఏ జాయ్‌స్టిక్‌తో అన్నదగ్గరే అసలు తిరకాసు.

అపోహ: విండోస్ లేకపోతే మంచి సిమ్ దొరకదు

ఎక్స్-ప్లేన్ 12 మ్యాక్‌లో, లినక్స్‌లో నేరుగా నడుస్తుంది. డెమో కూడా ఉంది, డబ్బు కట్టేముందు మీ మెషీన్ తట్టుకుంటుందో లేదో చూసుకోవచ్చు. ఫ్లైట్‌గేర్ అయితే పూర్తిగా ఉచితం, మీరు ఎగురుతుంటే ఆ ప్రాంతం సీనరీని, అంటే నేల, భవనాల బొమ్మల్ని, నెట్ నుంచి తనే దింపుకుంటుంది. మన ఎయిర్‌పోర్టు కోడ్ వీఓవీజెడ్. వెతుక్కుని బయల్దేరడమే.

అపోహ: వైన్ ఎమ్యులేటర్, సగం స్పీడు అదే తినేస్తుంది

విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపించే వైన్, ఇంకో మెషీన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కాదు, విండోస్‌కూ లినక్స్‌కూ మధ్య దుబాసీ లాంటిది. గేమ్ కోడ్ నేరుగా మీ ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఫైలు తెరువు, విండో గీయి అని గేమ్ విండోస్‌ను అడిగే మాటల్ని మాత్రం వైన్ లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్, విండోస్ గేములు లినక్స్‌లో ఆడేందుకు 2018లో తెచ్చిన ప్రోటాన్‌కు పునాది ఇదే. గ్రాఫిక్స్ సంగతి వేరే ప్రోగ్రాములు చూస్తాయి: విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్ 9, 10, 11 పిలుపుల్ని డీఎక్స్‌వీకే, 12 పిలుపుల్ని వీకేడీ3డీ-ప్రోటాన్, లినక్స్‌లో నడిచే గ్రాఫిక్స్ భాష వల్కన్‌లోకి మారుస్తాయి.

డ్రైవర్ సరిగ్గా ఉంటే తగ్గే స్పీడు కొంచెమే. కొత్తగా పెట్టినప్పుడు మొదటి ఒకటి రెండు ఫ్లైట్లలో బొమ్మ కుదుపుతుంది. షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) అప్పుడే తయారవుతుంటాయి కాబట్టి అలా జరుగుతుంది. చాలామంది సరిగ్గా ఆ టైములోనే విసుగొచ్చి తీసేస్తారు. కాసేపు ఓపిక పట్టండి బాబూ.

అపోహ: మ్యాక్‌లో విండోస్ వేసేసుకుంటే గొడవ వదిలిపోతుంది

ఇంటెల్ చిప్పున్న మ్యాక్ అయితే, పక్కనే విండోస్ వేసుకోనిచ్చే యాపిల్ బూట్‌క్యాంప్‌తో ఆ దారి ఉంది. 2020 చివర్లో యాపిల్ సొంత చిప్పు ఎం1 వచ్చాక, ఆ రకం చిప్పులున్న మ్యాక్‌లలో బూట్‌క్యాంప్ లేదు. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్‌లో, ఆ చిప్పులకు సరిపడే ఆర్మ్ విండోస్ వేసుకోవచ్చు కానీ అక్కడ డైరెక్ట్‌ఎక్స్ 12 అందదు. 2006 నాటి మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ లాంటి పాత సిమ్‌లకు సరిపోతుందేమో గానీ కొత్తవాటికి కష్టం. పైగా విండోస్ లైసెన్సు విడిగా కొనాలి. వైన్‌కు ఆ ఖర్చు లేదు, గేమ్ కొనుక్కుంటే చాలు.

మ్యాక్‌లో విండోస్ గేములు నడిపేందుకు వైన్ మీద కట్టిన క్రాసోవర్ ఉంది, యాపిల్ 2023లో ఇచ్చిన గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ ఉంది. ప్రయోగాలు ఇష్టమైతే చేయండి. ఎం సిరీస్ మ్యాక్‌తో నా దగ్గరికొచ్చి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరే కావాలని పట్టుబట్టేవాళ్లకు మాత్రం నేను ఎక్స్-ప్లేన్ పెట్టుకోమనే చెబుతాను.

అపోహ: ఎక్కడ కొన్నా గేమ్ ఒకటే

లినక్స్‌వాళ్లు డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ స్టీమ్ కాపీ ప్రోటాన్‌లో నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నదీ, మైక్రోసాఫ్ట్ చందా పథకం గేమ్‌పాస్‌లో వచ్చేదీ వేరే రకం ప్యాకేజీ, వైన్‌కు అది మింగుడు పడదు. ఆఫర్ ఉందని స్టోర్‌లో కొనేసి వచ్చినవాళ్లకు నేను చేయగలిగేదేమీ ఉండదు.

అపోహ: సిమ్ తెరుచుకుంటే పని అయిపోయినట్టే

నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం యాడ్-ఆన్లవే. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌తో సిమ్‌కనెక్ట్ (బయటి ప్రోగ్రాములు సిమ్‌తో మాట్లాడే దారి) ద్వారా మాట్లాడే విండోస్ ప్రోగ్రామ్‌ను గేమ్ ఉన్న వైన్ ప్రిఫిక్స్‌లోనే, అంటే వైన్ విండోస్ డిస్కులా వాడే ఆ ఫోల్డర్‌లోనే పెట్టాలి. వేరే ప్రిఫిక్స్‌లో పెడితే రెండూ తెరుచుకుంటాయి, ఒకదానికొకటి కనపడవు.

ఎక్స్-ప్లేన్ నేరుగా లినక్స్‌లో నడుస్తున్నా ఇంకో చిక్కు. ప్లగిన్ ఫోల్డర్ తెరిచి చూడండి. విండోస్, మ్యాక్, లినక్స్‌లకు వేర్వేరుగా ఎక్స్‌పీఎల్ ఫైళ్లుంటాయి. లినక్స్‌ది లేకపోతే ఆ ప్లగిన్ మీకు పనికిరాదు, ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా అంతే.

సీనరీల సంగతి ఇంకా చికాకు. ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు విండోస్‌కు ఒకటే. లినక్స్‌కు కాదు. సీనరీ చేసినాయన ఫైలు పేరు చివర పీఎన్‌జీ అని పెద్ద అక్షరాల్లో పెట్టి, లోపల దాన్ని పిలిచేచోట చిన్న అక్షరాల్లో రాస్తాడు. ఆయన మెషీన్‌లో టెర్మినల్ భవనం చక్కగా కనబడుతుంది, మీ దగ్గర కనబడకపోవచ్చు. ఎక్స్-ప్లేన్ ఫోల్డర్‌లో ఉన్న లాగ్ ఫైలు తెరిస్తే ఏ బొమ్మ దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది. ఆ పేరు సరిచేయండి, భవనం లేచి నిలబడుతుంది.

అపోహ: జాయ్‌స్టిక్ వణుకుతోందంటే తప్పు వైన్‌దే

సాదా యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌కు లినక్స్‌లో డ్రైవర్ అక్కర్లేదు, గుచ్చగానే గుర్తుపడుతుంది. ప్రోటాన్‌లో బటన్లు తికమకగా ఉంటే ముందు ఆ గేమ్‌కు స్టీమ్‌లోని స్టీమ్ ఇన్‌పుట్ సెట్టింగ్ ఆపి చూడండి. అది కొన్నిసార్లు జాయ్‌స్టిక్‌ను గేమ్‌ప్యాడ్ వేషంలో చూపిస్తుంది.

వణుకు మాత్రం వేరే కథ. గేమ్ మూసేసి, వైన్ జోలికి పోకుండా, జాయ్‌స్టిక్ కదలికలు చూపించే జేఎస్‌టెస్ట్-జీటీకే ప్రోగ్రామ్ తెరవండి. స్టిక్ మీద చెయ్యి తీసేసి యాక్సిస్ గీతను చూడండి. అక్కడా గెంతుతుంటే వైన్‌ను తిట్టి లాభం లేదు, లోపల స్టిక్ ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్ పాడవుతున్నట్టు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ పక్కనే పెట్టినవి ఇలా ఎక్కువ వస్తాయి, ఉప్పు గాలి, దుమ్ము కలిసి దాన్ని తినేస్తాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, స్టిక్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి బాగా తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ గీత కుదురుగా నిలవకపోతే పొటెన్షియోమీటర్ మార్పించండి. కొత్త స్టిక్ కొనేవాళ్లు అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ ఉన్నది అడగండి, రేటు కాస్త ఎక్కువే అయినా ఆ సెన్సార్‌లో రాసుకుని అరిగే భాగం ఉండదు.