రిబ్బన్ కట్ చేసిన మర్నాడు: చిన్న నగరం, పార్కులు, కళలు

చిన్న నగరంలో పార్కుల అధికారి బల్ల మీదికి ఒక్క రోజులో వచ్చే కాగితాలు చూస్తే నవ్వొస్తుంది. గడ్డి కోసే మిషన్ రిపేరు బిల్లు, పిల్లల డ్రాయింగ్ క్లాసుకి గది కావాలన్న దరఖాస్తు, ఆదివారం కచేరీ శబ్దం మీద ఫిర్యాదు, ఒక దాత ఇస్తానన్న విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. ఈలోగా పైపు పగిలి నీళ్లు పోతున్నాయని ఫోను. పెద్ద నగరంలో వీటికి నాలుగైదు శాఖలుంటాయి. చిన్న నగరంలో అన్నీ ఒకే మనిషి దగ్గరికి, చాలాసార్లు ఒకే బడ్జెట్ పద్దు కిందికి వస్తాయి.

మొక్కలకీ నాటకాలకీ ఏం చుట్టరికం? ఎవరో కూర్చుని ఆలోచించి వీటిని కలపలేదు. 180 ఏళ్లకు పైగా ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. ఎలా చేరాయో చూస్తే, కౌన్సిళ్లలో ఏటా బడ్జెట్ రోజుల్లో జరిగే గొడవ మూలం కూడా దొరుకుతుంది. కట్టడానికి డబ్బు వస్తుంది, నడపడానికి రాదు.

ఇంగ్లండ్‌లోని డెర్బీ నుంచి మొదలుపెడదాం. మిల్లుల యజమాని, ఆ ఊరికి మేయర్‌గా కూడా పనిచేసిన జోసెఫ్ స్ట్రట్ 1840 సెప్టెంబరులో 11 ఎకరాల తోటను ఊరికి రాసిచ్చాడు. దాన్ని గీసింది తోటల రూపకర్త జాన్ క్లాడియస్ లౌడన్. నేల చదునుగా ఉందని మట్టి దిబ్బలు పోయించి వాటి మధ్య బాటలు తిప్పాడు. ఒక బాటలో నడిచేవాళ్లకి పక్క బాట కనపడదు, దాంతో చిన్న తోట కూడా పెద్దదిగా అనిపిస్తుంది. వెయ్యికి పైగా రకాల చెట్లూ పొదలూ నాటించి వాటికి పేర్లు రాయించాడు. షికారుకొచ్చిన కార్మికుడు నాలుగు చెట్ల సంగతి తెలుసుకుని ఇంటికి వెళ్లాలని ఆయన కోరిక. స్ట్రట్ తన సొంత తోటలోని శిల్పాలు కూడా పంపాడు. వాటిలో ఒక అడవిపంది ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న ప్రసిద్ధ పంది విగ్రహానికి నకలుగా విలియం జాన్ కాఫీ మట్టితో చేసి కాల్చిన బొమ్మ అది.

భూమి ఇచ్చాడు, చెట్లు ఇచ్చాడు, బొమ్మలు ఇచ్చాడు. తోటని రోజూ చూసుకోవడానికి నిధి మాత్రం పెట్టలేదు. అందుకని వారంలో రెండు రోజులే ఉచితం, అందులో ఒకటి ఆదివారం. మిగతా 5 రోజులు టికెట్టు. అదీ చాలక వార్షికోత్సవాలు మొదలుపెట్టారు. బ్యాండ్ సంగీతం, వేడుకలు పెట్టి, రైళ్లలో బయటి ఊళ్ల జనాన్ని కూడా రప్పించి, టికెట్లు అమ్మి, వచ్చిన దాంతో తోటను నెట్టుకొచ్చారు. పార్కులో కళ అంటే అలంకారం అనుకుంటాం. డెర్బీలో బొమ్మలు అలంకారానికి వచ్చిన మాట నిజమే కానీ, సంగీతం వచ్చింది వసూళ్ల కోసం. గేటు వారమంతా ఉచితంగా తెరుచుకోవడానికి 1882 దాకా, అంటే 42 ఏళ్లు పట్టింది.

దాత మీద ఆధారపడకుండా ప్రజల సొమ్ముతోనే పార్కు వేసింది ఇంగ్లండ్‌లోనే ఉన్న బర్కెన్‌హెడ్ అనే ఊరు. జోసెఫ్ పాక్స్‌టన్ గీసిన ఆ పార్కు 1847లో తెరుచుకుంది. చుట్టూ ఉన్న ఇళ్ల స్థలాలు అమ్మి ఖర్చు రాబట్టుకున్నారు. తెలివైన పనే. కానీ స్థలాల డబ్బు ఒక్కసారే వస్తుంది, గడ్డి ఏటా పెరుగుతుంది. 1850లో ఆ పార్కు చూసి ముచ్చటపడ్డ అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్, 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కు డిజైన్ పోటీ గెలిచాడు. అది అందరికీ తెలిసిన కథ, పైగా మహానగరం కథ. మనకు కావలసింది అంతకంటే చిన్నది. నిజానికి అది ఒక ఇసుక కుప్ప.

మారీ జాక్‌షెఫ్‌స్కా అనే డాక్టరు బెర్లిన్ పార్కుల్లో పిల్లలు ఇసుకలో ఆడుకోవడం చూసి, ఆ సంగతి బోస్టన్‌లోని తన మిత్రులకు రాసింది. 1885లో అక్కడ ఒక చర్చి ఆవరణలో పిల్లల కోసం ఇసుక పోయించారు. ఇసుక ఉంటే పిల్లలొస్తారు, పిల్లలొస్తే చూసుకునే పెద్దలు కావాలి. మొదట తల్లులు, వాలంటీర్లు చూసుకున్నారు, తరవాత జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు. ఆ జీతంతోనే పార్కుల చరిత్ర మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది. అప్పటిదాకా పార్కంటే చూసే చోటు, అక్కడినుంచి ఎవరో ఒకరు దగ్గరుండి ఏదో ఒకటి చేయించే చోటు.

చికాగోలో 1905లో తెరిచిన పార్కుల్లో ఇది కట్టడం రూపం తీసుకుంది. సౌత్ పార్క్ కమిషన్ పేదల వాడల్లో వేసిన ఆ చిన్న పార్కుల్లో ఫీల్డ్‌హౌస్‌లు కట్టారు. వ్యాయామశాల, స్నానాల గదులు, చదువుకునే గది, స్టేజీతో పెద్ద హాలు, అన్నీ వాటిలోనే. స్టేజీ ఉన్నాక నాటకం రాకుండా ఉంటుందా? అదే నగరంలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో పెట్టిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో అప్పటికే చిత్రాల గ్యాలరీ, సంగీత పాఠశాల నడుస్తున్నాయి. 1906లో అమెరికా ఆటస్థలాల సంఘం ఏర్పడినప్పుడు దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆడమ్స్ కూడా ఉంది. ఆ సంఘం పేరు మారుతూ వచ్చిన తీరు చూడండి. 1906లో ఆటస్థలాలు, 1911లో ఆటస్థలాలు, వినోదం, 1930 నాటికి ఆటస్థలాలు పోయి వినోదం మాత్రమే మిగిలింది. 1965లో పార్కుల అధికారుల సంస్థతోనూ మరికొన్ని సంస్థలతోనూ కలిసిపోయి జాతీయ వినోద, పార్కుల సంఘమైంది. ఊరూరా కనిపించే ‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’ జంట వెనక ఉన్నది ఇదే.

కళలు మున్సిపల్ ఆఫీసులోకి అడుగుపెట్టింది ఈ ‘వినోదం’ అనే తలుపులోంచే. దానివల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. డబ్బున్నవాళ్ల హాళ్లలో ఉండే కుంచె, వయొలిన్ వాడ పిల్లలకి అందాయి. కానీ లెక్కల పుస్తకంలో కుండలు చేసే క్లాసు వాలీబాల్ పక్క వరసలో కూర్చుంది. ఎంతమంది చేరారు, ఫీజు ఎంత వచ్చింది, ఈ రెండే దాని కొలమానాలు అయ్యాయి.

ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇంకో ప్రయోగం జరిగింది. 1935లో మొదలైన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కింద అమెరికాలో 100కి పైగా సామూహిక కళాకేంద్రాలు వెలిశాయి. బొమ్మలు నేర్పే టీచర్ల జీతాలు కేంద్ర ప్రభుత్వం భరించేది, స్థానికంగా అయ్యే ఖర్చులో కొంత ఊరివాళ్లు పెట్టుకునేవారు. ఇది డెర్బీకి పూర్తిగా తలకిందుల పద్ధతి. కట్టడం ఊరిది, నడిపే జీతం బయటిది. 1943లో ప్రాజెక్టు మూతపడేసరికి చాలా కేంద్రాలు దానితోపాటే పోయాయి. న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ అనే చిన్న ఊళ్లో 1937లో తెరిచిన కేంద్రాన్ని మాత్రం నగరం వదులుకోలేదు, మ్యూజియంగా నిలబెట్టుకుంది.

యుద్ధం తరవాత ఊళ్లే సొంతంగా కళల మండళ్లు పెట్టుకోవడం మొదలైంది. ఇల్లినాయిలోని క్విన్సీలో 1947లో, నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో 1949లో ఏర్పడినవి తొలితరంవి. మాదే మొదటిదని రెండు ఊళ్లకీ చెప్పుకునే అలవాటుంది. 1966లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ గార్డ్, అప్పుడే పుట్టిన అమెరికా ప్రభుత్వ జాతీయ కళల సంస్థ ఇచ్చిన గ్రాంటుతో స్ప్రింగ్ గ్రీన్, రైన్‌ల్యాండర్, వాపన్ లాంటి 5 చిన్న చోట్ల మూడేళ్లపాటు పనిచేశాడు. కళను పెద్ద నగరం నుంచి ఊరికి పంపే సరుకులా ఆయన చూడలేదు. ఆ ఊరి మనుషులు, వాళ్ల కథలు, వాళ్ల చేతులే ముడిసరుకన్నది ఆయన పట్టుదల. బ్రిటన్‌లోనూ దాదాపు అదే కాలంలో ఇలాంటి కదలిక వచ్చింది. 1974లో హెరాల్డ్ బాల్డ్రీ అధ్యక్షతన పనిచేసిన బృందం సామూహిక కళలకు సాయం చేయాలని అక్కడి ఆర్ట్స్ కౌన్సిల్‌కి సిఫారసు చేసింది.

ఇంత జరిగినా చట్టం మాత్రం ఒక్క క్రియాపదం దగ్గర ఆగిపోయింది. బ్రిటన్‌లో 1845 నాటి చట్టం 10,000 జనాభా దాటిన ఊళ్లు మ్యూజియం కోసం ఆస్తి విలువలో పౌండుకి అర పెన్నీ పన్ను వేసుకోవచ్చంది. 1948 చట్టం వినోద కార్యక్రమాలకు పౌండుకి 6 పెన్నీల పన్ను దాకా ఖర్చు పెట్టవచ్చంది. వేసుకోవచ్చు, పెట్టవచ్చు. గ్రంథాలయాల దగ్గరకొచ్చేసరికి 1964 చట్టం ‘నడపాలి’ అని చెప్పింది. పార్కులకీ కళలకీ ఆ ‘చేయాలి’ దక్కలేదు. భారత రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ 12వ షెడ్యూలును తెచ్చింది. అందులోని 18 అంశాల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు 12వది. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం 13వది. పక్కపక్కనే ఉన్నాయి. అయితే వీటిని మున్సిపాలిటీలకు అప్పగించే అధికారం రాష్ట్ర శాసనసభలది, అక్కడా మాట ‘అప్పగించవచ్చు’ అనే.

చెత్త ఎత్తకపోతే మూడో రోజుకి ఊరు గగ్గోలు పెడుతుంది. డ్రామా క్లాసు ఆగిపోతే ఆ ఇరవై మంది పిల్లల ఇళ్లకే తెలుస్తుంది. కోత ఎక్కడ పడుతుందో వేరే చెప్పాలా?

1978 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదన గెలిపించి ఆస్తిపన్నును మదింపు విలువలో 1 శాతానికి కట్టేశారు. ఊళ్లు మొదట చూసింది పార్కులు, వినోదం, లైబ్రరీల వంకే. ఉచిత క్లాసులకి ఫీజులొచ్చాయి. బ్రిటన్‌లో 1988 చట్టం పార్కుల పనిని టెండరుకి పెట్టక తప్పదంది. అంతదాకా తన పార్కులో ప్రతి చెట్టూ ఎరిగిన కాపలాదారు పోయి, వ్యానులో వచ్చి గడ్డి కోసి వెళ్లిపోయే ముఠాలొచ్చాయి. టెండరు కాగితంలో ఎన్నిసార్లు కోయాలో రాయొచ్చు. గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పిలవాలని ఎక్కడ రాస్తారు?

తమాషా ఏమిటంటే, ఇదే కాలంలో కొత్త పార్కులకి డబ్బు దండిగానే ఉంది. కాలిఫోర్నియాలో 1965 నాటి క్వింబీ చట్టం కొత్త కాలనీలు వేసేవాళ్లు పార్కు స్థలమో దానికి బదులు రుసుమో ఇవ్వాలని ఊళ్లు నియమం పెట్టుకోవచ్చంటుంది. ఆ రుసుముతో పార్కు కొనొచ్చు, వేయొచ్చు, బాగుచేయొచ్చు. రోజువారీ నిర్వహణకి ముట్టుకోకూడదు. అదే ఏడు అమల్లోకి వచ్చిన ఫెడరల్ భూ, జల సంరక్షణ నిధి సగం ఖర్చు భరిస్తుంది, అదీ కొనడానికీ కట్టడానికే. ఒక్కో గ్రాంటూ ఊరికి ఒక కొత్త ఆస్తినీ, దానితోపాటు ఎప్పటికీ తీరని ఒక ఖర్చునూ ఇచ్చిపోతుంది. కళల వైపూ ఇదే తంతు. 1959లో ఫిలడెల్ఫియా మొదలుపెట్టిన ‘శాతం పద్ధతి’లో నిర్మాణ వ్యయంలో 1 శాతం దాకా కళకి కేటాయించాలి. ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూ ఉండే నగరానికి అది బంగారం. ఏళ్ల తరబడి పెద్ద భవనమే లేవని ఊరికి అది సున్నాలో 1 శాతం. వచ్చినా అది శిల్పం చేయించడానికి వస్తుంది, దాని తుప్పు వదిలించే మనిషికి రాదు.

ఇక దాతలు మిగిలారు. వాళ్లతో వచ్చే చిక్కును యూటాలోని ప్లెజంట్ గ్రోవ్ అనే చిన్న నగరం అమెరికా సుప్రీంకోర్టు దాకా మోసుకెళ్లింది. ఆ ఊరి పయనీర్ పార్కులో 15 శాశ్వత కట్టడాలూ గుర్తులూ ఉండేవి. కనీసం 11 బయటివాళ్లు ఇచ్చినవే. వాటిలో 1971లో ఒక సంఘం ఇచ్చిన పది ఆజ్ఞల రాతి పలక ఒకటి. సమ్మం అనే చిన్న మత సంస్థ, మా ఏడు సూత్రాల పలక కూడా పెట్టండని అడిగింది. నగరం కాదంది. వాళ్లది పెట్టి మాది ఎందుకు పెట్టరన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2009లో కోర్టు మాత్రం తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకమై నగరం వైపే తీర్పిచ్చింది. పార్కులో ఎవరైనా నిలబడి మాట్లాడవచ్చు, అది పౌరుడి మాట. అక్కడ శాశ్వతంగా పాతిన కట్టడం, దాత ఎవరైనా సరే, ప్రభుత్వం మాట. ఏది ఉంచాలో, ఏది వద్దనాలో నగరమే తేల్చుకోవచ్చు.

ఆ తీర్పు వల్ల అధికారికి టెన్షన్ తగ్గిందని చెప్పలేను. మొహమాటానికి పుచ్చుకున్న ప్రతి బొమ్మా ఇప్పుడు ఊరి మాటే. అందుకే చాలా ఊళ్లు దానాలకి రాతపూర్వక నియమాలు పెట్టుకున్నాయి. విగ్రహంతో పాటు దాని సంరక్షణకీ కొంత సొమ్ము కట్టాలని అడిగే నగరాలున్నాయి. స్ట్రట్‌ను ఎవరూ అడగని ప్రశ్న అది.

డెర్బీలో ఆ పంది బొమ్మ నూరేళ్లు నిలబడింది. 1941 జనవరిలో పార్కు మీద బాంబు పడి బ్యాండ్‌స్టాండ్ ధ్వంసమైంది, పంది తల ఎగిరిపోయింది. యుద్ధం అయిపోయినా పంది తిరిగి రాలేదు. లాటరీ నిధి సాయంతో పార్కు మొత్తాన్ని బాగుచేసినప్పుడు, 2005లో, పిల్లలు ఎక్కి కూర్చోవడానికి మళ్లీ ఒక పంది దొరికింది. ఈసారి కంచుతో పోశారు.